ఒంటిగంటకి షట్టరు

గొడుగులింకా ఆరలేదు, మా షాపులోకి క్రిస్మస్ వచ్చేసింది. అక్టోబరు మొదటి వారం. బయట వాన, లోపల దూదితో చేసిన మంచు. గుమ్మం పక్కనే ప్లాస్టిక్ చెట్టు, దాని నిండా బంగారు రంగు బంతులు, చెట్టు పక్కన తెల్ల గడ్డం తాతయ్య బొమ్మ. మీట నొక్కితే ఆ తాతయ్య నడుం ఊపుతాడు. తడిసిన గొడుగు ఎక్కడ పెట్టాలో తెలియని జనం దాన్ని తాతయ్య చేతికి తగిలించి లోపలికి పోయేవాళ్ళు. ఆయన నీళ్ళు కారుతున్న గొడుగులతోనే నడుం ఊపుతూ ఉండేవాడు.

ఆ షాపులో నేను మైకమ్మని. నాకో పేరు ఉంది, జీతం వేసేటప్పుడు తప్ప అది ఎవరికీ గుర్తుండదు. నాలుగంతస్తుల షాపులో మొదటి అంతస్తు మెట్ల పక్కన గాజు కిటికీ ఉన్న అగ్గిపెట్టంత గది నాది. తెల్ల కారు అడ్డంగా పెట్టినవారు వెంటనే తియ్యాలి, ఎర్ర చొక్కా బాబు బొమ్మల దగ్గర ఏడుస్తున్నాడు, రెండు సబ్బులు కొంటే మూడోది ఉచితం, ఇవన్నీ నా నోటి మీదుగానే జనానికి చేరతాయి. మాటలు షాపువి, గొంతు నాది. ఆ ఒప్పందం మీద నాకు ఇన్నేళ్ళుగా పేచీ లేదు. పేచీ ఆ అక్టోబరులోనే మొదలైంది.

మా మేనేజరు చెడ్డవాడేం కాదు. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే తన బండి మీద ఆస్పత్రికి తీసుకెళ్ళిన మనిషి. కాకపోతే షాపు యజమాని నుంచి ఫోనొస్తే కూర్చున్నవాడు లేచి నిలబడి మాట్లాడతాడు. ఆ యజమానిని మేమెవరం చూడలేదు, పెద్దాయన అంటాం. పెద్దాయనకి ఈసారి క్రిస్మస్ త్వరగా రావాలనిపించింది. అందుకని మేనేజరు మా అందరినీ గోడౌన్లో అట్టపెట్టెల మధ్య నిలబెట్టాడు.

"ఈసారి ఊళ్ళో అందరికంటే ముందు మనమే మొదలెడుతున్నాం. పక్క షాపువాళ్ళు కళ్ళు తెరిచేసరికి మన సరుకు సగం అమ్ముడుపోవాలి" అన్నాడు.

చెప్పుల సెక్షన్ చూసే ఆవిణ్ణి షాపంతా వదిన అనే పిలుస్తుంది. ఆవిడ నా చెవిలో, "అయితే వచ్చే ఏడాదిది కూడా ఇప్పుడే కానిచ్చేద్దాం, ఓ పనైపోతుంది" అంది. నవ్వు ఆపుకోవడానికి నేను నేలచూపులు చూశాను. కానీ నవ్వుతో పాటు ఒళ్ళు కూడా మండుతోంది. క్రిస్మస్ రోజున నేను ఇంట్లో భోజనం చేసి చాలా ఏళ్ళయింది. మిగతా ఊరంతా తలుపులేసుకుని కూర్చున్న రోజున, ఆఖరి నిమిషంలో బహుమతులు గుర్తొచ్చినవాళ్ళ కోసం మా షాపు రాత్రి దాకా తెరిచే ఉంటుంది.

"మొదలెట్టడం సరే సార్. అసలు రోజు సంగతేంటి?" అని అడిగాను.

అందరూ ఒక్కసారి గొణుగుడు మొదలెట్టారు. ఆ గొణుగుడు ఆపాలనో, నిజంగానే అనిపించిందో తెలియదు, మేనేజరు రెండు చేతులూ పైకెత్తాడు. "ఆ రోజు ఒంటిగంటకి షట్టరు దించేద్దాం. పొద్దున రండి, మధ్యాహ్నం భోజనానికి మీ ఇళ్ళలో ఉండండి. నా మాట."

అందరం చప్పట్లు కొట్టాం. గేటు దగ్గర కాపలా ఉండే బాబాయి ఏడాదికి నాలుగు మాటలు మాట్లాడే మనిషి, ఆయన కూడా "చల్లగా ఉండండి సార్" అన్నాడు.

ఆ మర్నాటి నుంచి పాటలు. పాటలంటే నాలుగే. గంటలు మోగే పాట ఒకటి, మంచు కురిసే పాట ఒకటి, చిన్నపిల్లలు పాడేది ఒకటి, ఎవరో ఆయన దీర్ఘం తీస్తూ పాడేది ఒకటి. నాలుగోది అవగానే మళ్ళీ మొదటిది. నవంబరు వచ్చేసరికి అవి నా చెవుల్లోంచి దిగి ఎముకల్లో కూర్చున్నాయి. ఒకరోజు మా ఆయన ఇంట్లో తెలియక ఆ గంటల పాట ఈల వేశాడు. చేతిలో ఉన్న గరిటె విసిరాను. తగల్లేదు, గురి తప్పింది.

పాటకీ పాటకీ మధ్య నేను "మా కస్టమర్లందరికీ క్రిస్మస్ శుభాకాంక్షలు" అనాలి. బయట వాన వెలవని రోజుల్లో ఆ మాట అనడానికి నాకు సిగ్గేసేది. పాటలు మొదలైన మూడో రోజునే ఉండబట్టలేక చివర్లో ఒక ముక్క కలిపాను. "క్రిస్మస్ శుభాకాంక్షలు, కాస్త ముందుగా" అన్నాను. కింద బిల్లు కౌంటర్ల దగ్గర జనం తలెత్తి నవ్వారు. మేనేజరు మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చాడు.

"ఆ చివరి ముక్క ఎక్కడిది?"

"నిజమే కదా సార్."

"నిజం మనకెందుకమ్మా, రాసిచ్చింది చదువు" అన్నాడు. విసుగ్గా కూడా అనలేదు, నచ్చజెబుతున్నట్టు అన్నాడు. అందుకే నాకింకా కాలింది.

ఇది ఇలా ఉండగా మా ఇంట్లో ఇంకో క్రిస్మస్ గొడవ లేచింది. దానికి మూలం మేమే.

పెళ్ళైన దగ్గర్నుంచీ మా ఇంట్లో క్రిస్మస్‌కి ఒక తారీఖంటూ లేదు. షాపులో నాకు ఎప్పుడు సెలవిస్తే అప్పుడే పండగ. ఒక ఏడు డిసెంబరు మొదట్లో చేసుకున్నాం, ఒక ఏడు ఆ నెల మధ్యలో మంగళవారం పూట చేసుకున్నాం, ఒకసారైతే జనవరిలోకి కూడా జారింది. మా అత్తగారు గుమ్మానికి నక్షత్రం కట్టి, కేకు తెప్పించి, "సరే, ఇవాళే అనుకోండి" అనేది. మేం అనుకునేవాళ్ళం. పెద్దవాళ్ళం కాబట్టి సరిపోయింది. బుజ్జమ్మ పుట్టాక కూడా అదే పద్ధతి సాగింది, పసిదానికి తారీఖులేం తెలుస్తాయని. అసలు రోజున చుట్టుపక్కల కిటికీల్లో దీపాలు చూసి అది వేలు చూపించి అడిగేది. "వాళ్ళకి ఆలస్యంగా వచ్చిందమ్మా. మనకి ముందే వచ్చి వెళ్ళింది" అనేవాడు మా ఆయన. పిల్ల మురిసిపోయేది. వాళ్ళకంటే ముందు మన ఇంటికే వచ్చిందని గొప్ప కూడా చెప్పుకునేది.

ఈ ఏడు అది ఒకటో తరగతిలో చేరింది. క్రిస్మస్ ఎప్పుడని టీచరు అడిగిందట. మా పిల్ల అందరికంటే ముందు చెయ్యెత్తి, "మా అమ్మకి షాపులో సెలవిచ్చిన రోజు" అంది. క్లాసంతా నవ్వింది. టీచరు కాలెండరు చూపించింది. బుజ్జమ్మ ఊరుకుంటుందా, కాలెండరు తప్పని వాదించింది. నవ్వు ఇంకా పెరిగింది.

ఆ రోజు నాకు వారపు సెలవు. స్కూలు నుంచి వచ్చి, భుజాన సంచీ కూడా తియ్యకుండా గుమ్మంలో నిలబడి, "క్రిస్మస్ ఎప్పుడు?" అంది.

మా అత్తగారు వంటింట్లోంచి, "మీ నాన్ననడుగు" అంది. మా ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని, "మీ అమ్మనడుగు" అన్నాడు. నేను నీళ్ళు నమిలాను. అది ముగ్గురి మొహాలూ చూసింది. ఇంక ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

"మరి నా పుట్టినరోజు?" అంది.

"పుట్టినరోజుకేమైంది?"

"అది కూడా మీరే మార్చారా?"

మా ఆయన పేపరు వెనక నవ్వబోయి ఆపుకున్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. షాపు నా పండగ తీసేసుకుందని ఇన్నేళ్ళూ గింజుకున్నాను గానీ, పిల్లకి ఇంట్లోవాళ్ళ మాట మీద నమ్మకం కూడా దాంతో పాటే పోతోందని నాకు తట్టలేదు. దాన్ని దగ్గరికి తీసుకోబోతే వెనక్కి జరిగింది.

"ఈసారి అసలు రోజునే చేసుకుందాం. నువ్వు, నాన్న, నానమ్మ పొద్దున చర్చికెళ్ళి రండి. మధ్యాహ్నం భోజనానికి నేను ఇంట్లో ఉంటాను. అందరం కలిసే కేకు కోద్దాం" అన్నాను.

"నువ్వు రాకపోతే?"

"వస్తాను."

"రాకపోతే నేనింక మీరేం చెప్పినా నమ్మను" అంది. ఏడవకుండా, లెక్క తేల్చినట్టు అంది. తర్వాత సంచీ తీసి మేకుకి తగిలించి, ఎవరితోనూ మాట్లాడకుండా పాలు తాగింది.

మేనేజరు అందరి ముందూ ఇచ్చిన మాట నా దగ్గరుంది కదా అని నేను ధైర్యంగానే ఉన్నాను.

క్రిస్మస్ రోజు పొద్దున షాపుకెళ్ళేసరికే గేటు బయట జనం మూగి ఉన్నారు. గంట గడిచేసరికి ఎస్కలేటరు మీద ఖాళీ మెట్టు లేదు. అక్టోబరు నుంచి రోజూ దొరికిన సరుకు కోసం ఆ రోజే ప్రాణం మీదికొచ్చినట్టు కొట్టుకుంటున్నారు. అయినా మా వాళ్ళ మొహాలు కళకళలాడుతున్నాయి. వదిన కొత్త చీర కట్టుకుని వచ్చి, కొనేవాళ్ళ కాళ్ళకి చెప్పులు తొడుగుతూ పాట పాడుతోంది. అదే గంటల పాట. ఒంటిగంటకి ఇల్లు అంటే ఆ పాట కూడా బాగానే ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

పన్నెండు దాటాక మేనేజరు నా గదిలోకి వచ్చి తలుపేశాడు. తలుపెయ్యగానే నాకు అర్థమైంది.

"పెద్దాయన ఫోన్ చేశారు. జనం బాగా వస్తున్నారట కదా. రాత్రి తొమ్మిది దాకా ఉందాం" అన్నాడు.

"ఒంటిగంటకన్నారు సార్."

"అన్నాను. అప్పటి పరిస్థితి వేరు. ఇప్పుడు మైకులో చెప్పెయ్. కస్టమర్ల సౌకర్యార్థం ఇవాళ రాత్రి తొమ్మిది దాకా షాపు తెరిచి ఉంటుంది అని. మనవాళ్ళకి విడిగా చెప్పక్కర్లేదు, మైకులో వింటే అదే అర్థమవుతుంది."

ఇంతమంది నోటి దగ్గర కూడు తీసేస్తున్న మాట, అది కూడా నా నోటితో. ఒక్కొక్కరి దగ్గరికి వెళ్ళి చెప్పే ధైర్యం లేక నన్ను పంపుతున్నాడు.

"మా పాపకి మాటిచ్చాను సార్. ఈ ఒక్కరోజు కోసం ఇచ్చాను."

"పిల్లలకేముంది, సాయంత్రం ఫోన్లో మాట్లాడు. పండగ ఇవాళ చేసుకుంటే ఏంటి, రేపు చేసుకుంటే ఏంటి?" అన్నాడు. ఇంతలో ఆయన ఫోను మోగింది. చూసి, నిటారుగా నిలబడి, "చెప్పండి సార్, చెప్పేస్తున్నాం సార్" అంటూ తలుపు తీసుకుని పై అంతస్తుకి నడిచాడు. వెళ్తూ వెళ్తూ వేలితో మైకు చూపించాడు.

పండగ ఇవాళైతే ఏంటి, రేపైతే ఏంటి. ఆ మాటని ఇన్నేళ్ళూ మా ఇంట్లో మేమే అనుకున్నాం. ఇంకొకరి నోట విన్నాక గానీ అదెంత అన్యాయమో తెలియలేదు. ఏమీ తేడా లేకపోతే వీళ్ళు అక్టోబరు నుంచి ఆ రోజు పేరు చెప్పుకుని ఎందుకు అమ్ముతున్నారు? అమ్మేవాళ్ళకి ఆ రోజు కావాలి, కొనేవాళ్ళకి ఆ రోజు కావాలి. మధ్యలో కాళ్ళు పీకేలా నిలబడేవాళ్ళకి మాత్రం ఏ రోజైనా ఒకటే.

కిటికీలోంచి కిందికి చూశాను. గేటు బాబాయి గోడ గడియారం వంక చూస్తున్నాడు. బిల్లు కౌంటర్ల పిల్లలు ఒకరికొకరు చేత్తో సైగలు చేసుకుంటున్నారు, ఇంకాసేపే అని.

మా షాపులో మూసే పద్ధతి ఒకటుంది. నేను మైకులో మూసే ప్రకటన చెప్పగానే ఎవరూ ఎవరినీ అడగరు. పైకెళ్ళే ఎస్కలేటరు ఆపేస్తారు, దిగేది మాత్రం నడుస్తుంది. బట్టలు వేసుకుని చూసుకునే గదులకి తాళాలు పడతాయి. గేటు బాబాయి రెండు తలుపుల్లో ఒకటి మూసి, రెండో దాన్ని బయటికి వెళ్ళేవాళ్ళకే తెరుస్తాడు. చేతుల్లో సరుకు ఉన్నవాళ్ళకి బిల్లు వేస్తారు, కొత్తగా ఎవరినీ రానివ్వరు. ఒకసారి ప్రకటించాక వెనక్కి తీసుకోవడమన్న మాట లేదు. ఆ రూలు పెట్టింది మా మేనేజరే. మైకులో చెప్పిన మాట మారిస్తే కస్టమరు మన సబ్బుల ఆఫరు కూడా నమ్మడు అనేవాడు.

గడియారంలో ఒంటిగంట అయింది. పాట ఆపేశాను. పాట ఆగితే షాపులో ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో మేమంతా మర్చిపోయాం. నడుస్తున్న జనం కూడా ఆగి పైకి చూశారు. మీట నొక్కాను.

"కస్టమర్లకు మనవి. షాపు మూసే వేళయింది. మీరు తీసుకున్న వస్తువులకు బిల్లు చెల్లించి, దయచేసి కింది గేటు వైపు రండి. ఇవాళ క్రిస్మస్. మీ ఇంట్లో మీకోసం చూస్తుంటారు. మా ఇళ్ళలో మాకోసం చూస్తున్నారు. శుభాకాంక్షలు."

ఆ శుభాకాంక్షలు మాత్రం మనసారా అన్నాను. అక్టోబరు నుంచి అన్నవన్నీ కలిపినా దానికి సాటి రావు.

వదిన ఒక చేత్తో చెప్పు పట్టుకుని అలాగే ఆగిపోయి, తర్వాత ఆ చెప్పుని పెట్టెలో పెట్టి మూత వేసింది. పైకెళ్ళే ఎస్కలేటరు ఆగింది. పైనెక్కడో తాళాలు పడుతున్న చప్పుడు వినిపించింది. ఒకావిడ బండినిండా సరుకుతో, "ఇదేంటి, రాత్రి దాకా ఉంటారనుకున్నానే" అని గొంతు పెంచింది. ఆవిడ భర్త కాబోలు, ఆ బండి ఆవిడ చేతిలోంచి లాక్కుని బిల్లు కౌంటరు వైపు దాదాపు పరిగెత్తాడు. పెళ్ళాన్ని షాపుకి తీసుకొచ్చిన మగవాడిలో అంత ఆనందం నేనెప్పుడూ చూడలేదు.

మేనేజరు పై నుంచి ఆగిపోయిన ఎస్కలేటరు మీదుగానే దిగుతూ వచ్చాడు. ముందు గేటు వైపు వంగి, "తెరువు, ఆ రెండో తలుపు తెరువు" అని అరిచాడు.

బాబాయి కదల్లేదు. "మూసేస్తున్నామని మైకులో చెప్పారు సార్. మూసేస్తున్నా" అన్నాడు. ఆ ఏడాదికి ఆయన కోటా దాటిపోయింది.

మేనేజరు నా గదిలోకి వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది. "ఏం చేశావు నువ్వు? మళ్ళీ చెప్పు. పొరపాటున చెప్పానని చెప్పు. తొమ్మిది దాకా ఉంటామని చెప్పు."

"పొరపాటు కాదు సార్. ఒంటిగంటకి షట్టరన్నారు, ఒంటిగంట అయింది."

"నీ ఉద్యోగం ఉండదు."

"ఉండకపోతే పోనివ్వండి" అన్నాను. అన్నాక నాకే ఆశ్చర్యమేసింది. ఆ ఉద్యోగం పోతే మా ఇల్లు ఎలా గడుస్తుందో నాకు తెలుసు. భయం లేదని కాదు. కానీ ఇంటికి వెళ్ళి బుజ్జమ్మ మొహం చూడలేని భయం దానికంటే పెద్దది.

కుర్చీలోంచి లేచి మైకు ఆయన వైపు తిప్పాను. "ఇన్నాళ్ళూ మీ మాటలు నా గొంతుతో చెప్పాను సార్. ఈ ఒక్కటి మీరే చెప్పండి. మాటిచ్చింది మీరు, వెనక్కి తీసుకునేది కూడా మీ నోటితోనే తీసుకోండి. వాళ్ళంతా వింటారు."

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. మీట నొక్కాడు. కింద బిల్లు కౌంటర్లు, చెప్పుల సెక్షన్, గేటు, అన్ని వైపుల నుంచీ మా వాళ్ళు తలెత్తి గాజు కిటికీ వైపు చూస్తున్నారు. ఎవరూ అరవలేదు, ఎవరూ దణ్ణం పెట్టలేదు. ఉత్తినే చూస్తున్నారు. మైకులో ఆయన ఊపిరి నాలుగంతస్తుల్లోనూ వినిపించింది. ఒకసారి "కస్టమర్లకు" అన్నాడు. అంతే, ఆగిపోయాడు. ఆ ఒక్క మాట ఎంత బరువో ఆయనకి అప్పుడు తెలిసినట్టుంది. మీట వదిలేసి, మోచేతులు బల్ల మీద పెట్టుకుని కూర్చుండిపోయాడు.

"రేపు నీ సంగతి చూస్తాను" అన్నాడు చివరికి, నా వైపు చూడకుండా.

"అలాగే సార్" అని సంచీ తీసుకుని దిగిపోయాను. కింద ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వదిన నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కి, ఆలస్యమైతే బస్సు దొరకదని గుర్తొచ్చి వదిలేసింది.

ఇంటికి చేరేసరికి బుజ్జమ్మ మెట్ల మీదే కూర్చుని ఉంది. పొద్దున చర్చి నుంచి వచ్చాక మా బిల్డింగులో ప్రతి తలుపూ తట్టి, ఇవాళ నిజంగానే క్రిస్మసా అని అడిగి వచ్చిందట. పైవాటా తాతగారు కళ్ళజోడు పెట్టుకుని కాలెండరు చూసి మరీ చెప్పాడట. నన్ను చూసి లేవలేదు. మెట్టు మీద పక్కకి జరిగి చోటిచ్చింది. కూర్చున్నాను. కాసేపటికి తన తల నా భుజానికి ఆనింది. ఆ క్షణంలో ఉద్యోగం, మేనేజరు, పెద్దాయన అందరూ ఏట్లో కలిసినా నాకు చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు.

"షాపువాళ్ళు పంపారా?" అంది.

"నేనే వచ్చేశాను" అన్నాను.

మా అత్తగారు వడ్డించింది. ఇన్నేళ్ళ తర్వాత అసలు రోజున అందరం ఒక బల్ల చుట్టూ కూర్చున్నాం. ఏం చెయ్యాలో మాకే కాసేపు తెలియలేదు. మా ఆయన రెండుసార్లు గొంతు సవరించుకుని, కూర వేసుకున్నాడు. షాపులో జరిగింది చెప్పాను. మా అత్తగారు విని, "పోతే పోయింది. మైకు లేకపోతే నీ గొంతు వినపడదా ఏంటి, ఈ వీధంతా వినిపిస్తుంది" అంది. అది మెచ్చుకోలో దెప్పిపొడుపో ఇప్పటికీ తేల్చుకోలేదు.

భోజనాలయ్యి మా అత్తగారు కేకు బల్ల మీదికి తెస్తుండగా నా ఫోను మోగింది. కడుక్కున్న నా చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి. వద్దు అనేలోపే బుజ్జమ్మ తీసి, అందరికీ వినపడే మీట నొక్కేసింది. అది దానికి అలవాటు.

"హలో, అమ్మ ఉందా?" మేనేజరు గొంతు.

"ఉంది. కానీ ఇవాళ క్రిస్మస్."

"తెలుసమ్మా. ఒకసారి అమ్మకివ్వు."

"మీరెక్కడున్నారు?"

"షాపులో."

"ఒక్కరేనా?"

"ఒక్కణ్ణే."

బుజ్జమ్మ కనుబొమలు ముడిచింది. దానికి సంగతి అర్థమైపోయింది. తన లాంటివాడు ఇంకొకడు దొరికాడనుకుంది. గొంతు తగ్గించి, పడిపోయిన పిల్లాణ్ణి ఓదార్చినట్టు అడిగింది. "మీకు కూడా మీ ఇంట్లోవాళ్ళు తారీఖు తప్పు చెప్పారా అంకుల్?"

మా అత్తగారు కేకు పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"లేదమ్మా" అన్నాడు మేనేజరు. "నాకు ఎవరూ తప్పు చెప్పలేదు. మా పిల్లలకి నేనే చెప్పాను. పోయిన ఆదివారమే క్రిస్మస్ అయిపోయిందని చెప్పాను."

"చెప్పకండి అంకుల్" అంది బుజ్జమ్మ. "స్కూల్లో అందరూ నవ్వుతారు."

నేను పళ్ళెం బల్ల మీద పెట్టించి, చెయ్యి తుడుచుకుని ఫోను తీసుకున్నాను. ఆయన గొంతు సవరించుకుని మళ్ళీ మేనేజరు అవ్వబోయాడు. "రేపు పొద్దున నా రూముకి రా. పెద్దాయన అడుగుతున్నారు, నేనేం చెప్పాలో నాకు..."

"వస్తాను సార్. రేపు మీరేమన్నా వింటాను. నేను అనాల్సినవి కూడా ఉన్నాయి, అవి మీరూ వినాలి. ఇవాళ మాత్రం షాపు మూసేశాం. ఇంకా వెలుతురుంది, మీరు కూడా ఇంటికెళ్ళండి" అన్నాను.

ఆయన ఏదో అనేలోపు నేనే ఫోను పెట్టేశాను.